కంటికి రెప్ప: లేతు మిషను తొడుగు కథ



ప్రత్యేక సంచిక అనగానే మనవాళ్ళు డి.ఏ. లెక్కలు, కమ్యుటేషను సంగతులు, కాశీ రామేశ్వర యాత్రా విశేషాలు రాస్తారు. అవన్నీ కావలసినవే. ఈసారికి నేను ఒక రేకు ముక్క చరిత్ర రాయదలచుకున్నాను. లేతు మిషను చక్కు మీద అర్ధచంద్రాకారంలో వాలి ఉండే రేకు అది. షాపులో దానిని కొందరు గార్డు అనేవారు, కొందరు కవరు అనేవారు, మన పెద్దమేస్త్రీలు మాత్రం తొడుగు అనేవారు. ఇనుము కోస్తున్నప్పుడు ఎగిరే చిప్స్ పనివాడి కంట్లో, ఒంటి మీద పడకుండా ఆపడమే దాని పని. వెల చూస్తే కొద్దిపాటిదే. అది ఉన్నచోట ఎన్ని కళ్ళు నిలిచాయో, లేనిచోట ఎన్ని పోయాయో లెక్క కట్టినవారు లేరు.

మన ఇళ్ళలో చాలామంది పిల్లలకు, “నాన్నగారు మిషన్ షాపులో చేసేవారు” అన్నంతవరకే తెలుసు. ఆ షాపులో ఏముండేదో, చొక్కా మీద ఆ చిన్నచిన్న కాలిన చిల్లులు ఎందుకు పడేవో తెలియదు. వారికోసం కూడా ఈ నాలుగు మాటలు.

తరిమెన నుంచి లేతు దాకా

లేతు అనేది ఇంగ్లీషు మాట అయినా, ఆ పనిముట్టు మనకు కొత్తది కాదు. మన భాషలో దానికి తరిమెన అనే పాతమాట ఉన్నది. కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలి ఆనించి చెక్కేదే తరిమెన. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేది ఈ విధంగానే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తరిమెన దగ్గర కూర్చున్న కళాకారుడి ఒడి నిండా కర్ర పొట్టు రాలుతుంది. అది మెత్తన. దులుపుకుంటే పోతుంది. అందుచేత తరిమెనకు తొడుగు అవసరం పడలేదు.

ఇనుము కోసే లేతు కథ వేరు. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే అనే యంత్రకారుడు 1800 సంవత్సరం ప్రాంతంలో మరలు కోసే లేతును పక్కాగా తయారుచేశాడు. అప్పటినుంచి పారిశ్రామిక యుగానికి లేతు తల్లివంటిది అయింది. ఏ యంత్రం తయారుకావాలన్నా దాని ఇరుసు ముందు లేతు మీదికి ఎక్కవలసిందే. అయితే ఆ రోజుల్లో కోసే పనిముట్టు మామూలు కార్బను ఉక్కుతో చేసినది. వేగం పెంచితే టూలు మెత్తబడి మొన పోయేది. అందువల్ల మిషను నెమ్మదిగా తిరిగేది, చిప్స్ కూడా నెమ్మదిగా రాలేవి. అప్పట్లో ప్రమాదమంతా తలపైన తిరిగే లైను షాఫ్టుతోను, దాని నుంచి ఒక్కొక్క మిషనుకు దిగే తోలు బెల్టులతోను, పళ్ళచక్రాలతోను ఉండేది. బెల్టులో చెయ్యి పడినా, పంచె కొస చిక్కినా మనిషినే లాగేసేది. కనుక తొలి తొడుగులన్నీ బెల్టుకూ, పళ్ళచక్రానికే వచ్చాయి. చిప్సును పట్టించుకున్నవారు లేరు.

ఈ పరిస్థితిని మార్చినది టూలు ఉక్కు. అమెరికాలోని బెత్లహేం ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ అనే ఇద్దరు 1898-1900 మధ్య హైస్పీడు స్టీలును సాధించారు. 1900లో పారిస్ ప్రదర్శనలో దానితో ఇనుము కోసి చూపించారు. టూలు మొన ఎర్రగా కాలుతున్నా పదును చెడలేదు, రాలే చిప్స్ నీలిరంగుకు తిరిగాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తరువాత 1926లో జర్మనీలోని క్రుప్ సంస్థ విడియా అనే పేరుతో టంగ్‌స్టన్ కార్బైడు టూలును బయటికి తెచ్చింది. వజ్రం లాంటిది అని ఆ పేరుకు అర్థం. కోసే వేగం మళ్ళీ కొన్ని రెట్లు పెరిగింది. యజమానికి ఉత్పత్తి పెరిగింది. అదే లెక్కన పనివాడి ముఖం మీదికి వచ్చే నిప్పురవ్వలూ పెరిగాయి. చిప్సుకు తొడుగు కావాలన్న ఆలోచన అక్కడినుంచే బలపడింది.

చిప్సులో రకాలు

మాతో పనిచేసిన ఫిట్టర్లకు, టర్నర్లకు ఇది తాతకు దగ్గులు నేర్పినట్లుంటుంది. మిగిలినవారికోసం చెబుతాను.

లేతు మీద లోహం కోస్తే వచ్చే తరుగును చిప్స్ అంటాం. కొందరు ఇనప రజను అంటారు గాని, రజను అంటే ఆకురాయితో రాసినప్పుడు రాలే పొడి. చిప్స్ అంతకంటె పెద్దవి, పదునైనవి. పోతయినుము, ఇత్తడి కోస్తే ముక్కలు ముక్కలుగా చిట్లి నలుదిక్కులకూ చిమ్ముతాయి. ఇవి కంటికి శత్రువులు. మెత్తని ఉక్కు కోస్తే చిప్స్ తెగకుండా రిబ్బనులాగా, చుట్టలు చుట్టలుగా పొడుగ్గా వస్తాయి. చూడడానికి తమాషాగా ఉంటుంది గాని దాని అంచు బ్లేడుకు తీసిపోదు. ఇది చేతికి శత్రువు. నీలిరంగుకు తిరిగిన చిప్పు వేడి సుమారు 300 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరిందని గుర్తు. కాలరు సందులో పడితే ఇక నాట్యమే.

అసలు ప్రమాదం చిప్పు చక్కుకు చుట్టుకున్నప్పుడు వస్తుంది. చిన్న లెక్క చెబుతాను. 8 అంగుళాల చక్కు అంటే సుమారు 200 మిల్లీమీటర్ల వ్యాసం. అది నిమిషానికి 300 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 11 కిలోమీటర్ల వేగంతో, అంటే సైకిలు వేగంతో పోతున్నట్లు. అదే 1500 చుట్లు తిరిగితే గంటకు 56 కిలోమీటర్లు. అది ఆర్.టి.సి. ఎక్స్‌ప్రెస్ బస్సు వేగం. చక్కు దవడకు చుట్టుకున్న గజం పొడుగు ఉక్కు రిబ్బను ఆ వేగంతో కొరడాలాగా తిరుగుతుంటే ఎదురుగా నిలబడ్డవాడి ముఖం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. చక్కులోనే మరచిపోయిన చక్కు కీ సంగతి సరేసరి.

చట్టం ఏమన్నది?

యంత్రానికి కంచె వెయ్యాలని ఇంగ్లండులో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం మొదటిసారిగా నిర్బంధించింది. మన దేశంలో 1881లో తొలి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అది 100 మందికి తక్కువ కాకుండా పనిచేసే కర్మాగారాలకే వర్తించేది. 1891లో ఆ సంఖ్య 50కి దిగింది. 1911, 1922, 1934లలో మార్పులు జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం తయారై 1949 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మనలో అత్యధికులు సర్వీసు చేసినది ఈ చట్టం నీడలోనే. కరెంటు వాడే చోట 10 మంది ఉంటే చాలు, అది ఫ్యాక్టరీయే అన్నది ఈ చట్టం.

ఇందులో మన విషయానికి సంబంధించిన సెక్షన్లు మూడున్నాయి. 21వ సెక్షను ప్రకారం యంత్రంలోని ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉండాలి, అవి కదులుతున్నంతసేపూ ఆ కంచె తన స్థానంలోనే ఉండాలి. లేతు హెడ్‌స్టాకు వెనకనుంచి బయటికి పొడుచుకు వచ్చే కడ్డీకి కూడా కంచె ఉండాలని ఈ సెక్షను లేతు పేరు పెట్టి మరీ చెప్పింది. 22వ సెక్షను తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవాడికి ఒంటికి అతుక్కునే దుస్తులు ఇవ్వమన్నది. 35వ సెక్షను కళ్ళ గురించి. పనిలో ఎగిరే రేణువుల వల్ల, ముక్కల వల్ల కళ్ళకు ప్రమాదముంటే తగిన అడ్డుతెరలు గాని, కళ్ళద్దాలు గాని ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన చెయ్యవచ్చు. ఆ రక్షణ మిషను మీద ఉన్నవాడికే కాక పక్కన ఉన్నవాడికి కూడా అని అందులో ఉన్నది. ఈ చివరిమాట చాలా గొప్పది. ఎగిరిన చిప్పు తన మిషను పనివాడెవడో చూసుకుని పడదు గదా!

చట్టం గడప దాటని న్యాయం

ఇక్కడ ఒక చిత్రమైన చరిత్ర చెప్పాలి. యంత్రానికి కంచె వెయ్యమన్న చట్టం, యంత్రం నుంచి ఎగిరి వచ్చే ముక్కను కూడా ఆపమన్నదా? మామూలు మనిషిని అడిగితే “ఆపమన్నట్లే గదా” అంటాడు. ఇంగ్లండులో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ అలా అనలేదు. 1946లో నికొల్స్ అనే కార్మికురాలి వ్యాజ్యం వచ్చింది. రంపపు మిషను నుంచి చెక్కముక్క ఎగిరి ఆమెకు తగిలింది. కంచె ఉద్దేశం మనిషి చెయ్యి యంత్రాన్ని తాకకుండా చూడడమే గాని, యంత్రం విసిరే వస్తువును ఆపడం కాదని తీర్పు వచ్చింది. తరువాత 1961లో క్లోజ్ అనే కార్మికుడి కేసు వచ్చింది. కరెంటు డ్రిల్లు బిట్టు పగిలి ముక్క కంట్లో పడింది. అప్పుడూ అదే న్యాయం. మనిషి లోపలికి పోకుండా కంచె వెయ్యాలి, ముక్క బయటికి రాకుండా వెయ్యనక్కరలేదు!

మన 21వ సెక్షను మాటలు ఆ ఇంగ్లండు చట్టం మాటలకు దగ్గరివే. అందుకనే 35వ సెక్షను విలువ తెలుసుకోవాలి. ఎగిరే ముక్కల సంగతి పేరు పెట్టి చెప్పింది అక్కడే. అయితే అక్కడ కూడా “తెరలు గాని, కళ్ళద్దాలు గాని” అన్నారు. రెండింటిలో ఏది చవక? కళ్ళద్దాలే. చాలా షాపులలో స్టోర్సు నుంచి ప్లాస్టిక్ గాగుల్సు ఒక జత ఇచ్చి, సంతకం తీసుకుని, పని అయిపోయిందనుకునేవారు. బెజవాడ ఎండలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ గాగుల్సు పెట్టుకుంటే పది నిమిషాలలో చెమట పట్టి మసకబారుతాయి. గీతలు పడితే కొలత కనిపించదు. అందుకని అవి కళ్ళ మీద కంటె నుదుటి మీద ఎక్కువసేపు ఉండేవి. తప్పు పనివాడిదా, ఎండదా, గాగుల్సుదా?

నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులో, దాని పేరు ఇక్కడ అనవసరం, ఒక యువ టర్నరుకు పోతయినుము చిప్పు కంట్లో పడింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. కనుగుడ్డు నిలిచింది గాని చూపు నిలవలేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పట్టికలో ఒక కన్ను పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టమని, రెండో కన్ను బాగుండి ఒక కంటి చూపు మాత్రమే పోతే 30 శాతమని రాసి ఉన్నది. బొటనవేలికి 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14. ఆ పట్టికను నోటీసుబోర్డు ముందు నిలబడి అతను చదవడం నాకు గుర్తున్నది. మిగిలిన 70 శాతంతో అతను సర్వీసంతా నెట్టుకొచ్చాడు. తరువాతి వారంలో మా టిన్‌స్మిత్ మేస్త్రీ కండెమ్ అయిన డ్రమ్ముల రేకు కత్తిరించి వరసగా అన్ని లేతులకూ తొడుగులు చేశాడు. ఇండెంటు లేదు, శాంక్షను లేదు, డ్రాయింగు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా ఆ ఆకులు ఆ తరువాత చాలామందిని కాపాడాయి.

మన మెట్ట ప్రాంతంలో లేతు

ఒకనాడు కృష్ణా జిల్లా మెట్ట అనిపించుకుని, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతానికి లేతు ఎలా వచ్చింది? జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించినప్పుడు బయటపడిన శిల్పాలు సున్నపురాతి పలకల మీదివి. రెండువేల ఏళ్ళనాడు శిల్పులు ఉలి వేసిన ఆ రాయినే మన కాలంలో సిమెంటు కంపెనీలు పొడి చేశాయి. కృష్ణకు ఆవలి వైపు మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారం 1958లో వచ్చింది. ఈవల జయంతిపురంలో మద్రాసు సిమెంట్సు వారిది 1980 దశకంలో వచ్చింది. సున్నపురాయిని పిండి చేసే యంత్రాలకు షాఫ్టులు, బుష్షులు అరగడం నిత్యకృత్యం. అరిగినదల్లా లేతు మీదికి రావలసిందే.

ఇటు వ్యవసాయం చూస్తే 1967లో నాగార్జునసాగరు నీళ్ళు వదిలారు, ఎడమకాలువ మన వైపూ వచ్చింది. కాలువ అందని మెట్టకు ఆయిలింజన్లు, మోటార్లు, బోర్లు వచ్చాయి. పత్తి, మిరప రైతుకు పంపు షాఫ్టు వంగితే ఆ రోజే సరికావాలి, లేకపోతే పైరు ఎండుతుంది. దానికి తోడు హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీలు. విజయవాడలో ఆటోనగర్ లారీ పనికి దేశమంతటా పేరు తెచ్చుకున్నది. ఆ పనిలో చెయ్యి తిరిగిన కుర్రాళ్ళు ఊళ్ళకు తిరిగివచ్చి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక పాత లేతు, ఒక వెల్డింగు సెట్టు పెట్టుకున్నారు. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్ నడిచిన థర్మల్ కేంద్రమూ, ఐ.టి.ఐ.లూ, రైల్వే వర్క్‌షాపులూ నేర్పినవాళ్ళు మరికొందరు. వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి పోతూ వస్తూ రోడ్డు పక్కన చూస్తే ఇప్పటికీ ఇవి కనిపిస్తాయి.

మిషన్ల సంగతికి వస్తే, సికిందరాబాదులో 1943లో ఏర్పడిన ప్రాగా టూల్స్ చక్కులకు పేరుపొందింది. హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ లేతులు చేసింది. స్విట్జర్లాండుకు చెందిన ఎర్లికాన్ సంస్థ సహకారంతో 1953లో బెంగుళూరులో ఎచ్.ఎం.టి. పుట్టింది. పెద్ద కర్మాగారాలలో ఇవి ఉండేవి. రోడ్డు పక్క షెడ్డులకు ఎక్కువగా బటాలా, లూధియానా, రాజకోట లేతులు, లేదా పెద్ద కర్మాగారాలు వేలం వేసిన పాత మిషన్లు వచ్చేవి. వేలంలో వచ్చిన మిషనుకు మోటారు ఉంటుంది, చక్కు ఉంటుంది. తొడుగు మాత్రం ఉండదు. ఎక్కడో ఊడదీసి పారేసి ఉంటారు. కొన్నవాడు దాని లోటు గుర్తించడు. అసలు ఉండేదని కూడా అతనికి తెలియదు.

తొడుగు తయారీ

ఇక పని సంగతి. చదివి ఎవరైనా చేయించుకుంటే ఈ వ్యాసం ధన్యమైనట్లే.

చక్కు తొడుగుకు ముందు కొలత తీసుకోవాలి. చాలామంది చక్కు వ్యాసం కొలుస్తారు. అది చాలదు. దవడలు పూర్తిగా తెరిచి, అవి తిరిగే వలయాన్ని కొలవాలి. ఉదాహరణకు 200 మిల్లీమీటర్ల చక్కుకు దవడలు తెరిస్తే 280 వచ్చిందనుకోండి. చుట్టూ 20 మిల్లీమీటర్ల జాగా వదిలితే తొడుగు లోపలి వ్యాసం 320. సగం వలయానికి రేకు పొడుగు సుమారు 503 మిల్లీమీటర్లు. వెడల్పు చక్కు మందానికి, ముందుకు వచ్చే దవడలకు కలిపి సరిపోవాలి. రేకు 16 గేజి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఉంటే అదరదు, వంచడానికీ లొంగుతుంది. నాలుగు అంచులూ లోపలికి మడత వెయ్యాలి. ఆ మడతకు రేకు అదనంగా వదలడం మరచిపోకూడదు. మడత లేని రేకు అంచు చిప్పు కంటె ముందు తనే చెయ్యి కోస్తుంది.

రెండవది కీలు. తొడుగు హెడ్‌స్టాకు వెనకవైపున కీలు మీద నిలిచి, ఒంటి చేత్తో పైకి లేవాలి. లేచినది దానంతట అది పడిపోకూడదు. హెడ్‌స్టాకుకు ఎక్కడ పడితే అక్కడ రంధ్రం వెయ్యరాదు. లోపల నూనె ఉంటుంది, గేర్లుంటాయి. ఉన్న బోల్టులకే బ్రాకెట్టు కలపడం ఉత్తమం. కీలు దగ్గర ఒక లిమిట్ స్విచ్చి పెట్టి కంటాక్టరు కాయిలుకు కలిపితే, తొడుగు లేపగానే మోటారు ఆగుతుంది. చక్కు కీ మరచిపోయినా తొడుగు మూతపడదు, మూతపడనిదే మిషను తిరగదు. ఈ వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియనే చెయ్యాలి.

మూడవది టూలు దగ్గరి తెర. పనివాడు టూలు మొనను చూడక తప్పదు కనుక అక్కడ రేకు పనికిరాదు. పారదర్శకమైన పలక కావాలి. 1930 దశకంలో వచ్చిన ఆక్రిలిక్ చూడడానికి అద్దంలా ఉంటుంది గాని దెబ్బకు పగిలి తనే ముక్కలు చిమ్ముతుంది. 1953లో జర్మనీలో బేయర్ వారు, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారు ఒకరికి తెలియకుండా ఒకరు కనిపెట్టిన పాలీకార్బొనేటు దెబ్బకు వంగుతుంది గాని అంత తేలికగా పగలదు. 5 లేక 6 మిల్లీమీటర్ల పలకను యాంగిల్ చట్రంలో బిగించి క్యారేజీకి అమర్చితే టూలుతోపాటే నడుస్తుంది. దాన్ని సబ్బునీళ్ళతో తుడవాలి. పెట్రోలు, థిన్నరు తగిలితే సన్నని బీటలు పడతాయి. కూలెంటు వల్ల కూడా ఏళ్ళ తరబడి బలం తగ్గుతుంది కనుక మసకబారిన పలకను మార్చడమే మంచిది.

వెనక వైపున చిప్సు, కూలెంటు గోడ మీదికీ, అవతలి మనిషి మీదికీ పోకుండా ఒక నిలువు రేకు. బెడ్డు మీదా, లీడ్‌స్క్రూ మీదా చిప్సు పడి అరగకుండా కాన్వాసు గాని, రెక్సిన్ గాని మడతల తిత్తిలా కుట్టి అమర్చవచ్చు. ఇది మిషను ఆయుష్షుకు.

ఒక్క హెచ్చరిక. ఈ తొడుగు చిప్సును ఆపుతుంది. చక్కులోంచి ఊడి ఎగిరే బరువైన జాబును ఆపుతుందని నమ్మకూడదు. ఆ రక్షణ గట్టిగా బిగించడంలోనూ, తగిన వేగం పెట్టడంలోనూ ఉన్నది. రిబ్బను చిప్సును చేత్తో లాగకూడదు. మిషను ఆపి కొక్కెం కడ్డీతోనే తియ్యాలి. టూలుకు చిప్ బ్రేకరు గాడి పెడితే రిబ్బను అసలు పెరగదు. తొడుగు ఉన్నా కళ్ళద్దాలు మానరాదు.

చేసిన తొడుగు ఎందుకు ఊడుతుంది?

ఎన్నో షాపులలో చూశాను. తొడుగు చేయించిన నెలకే మూలన పడి ఉంటుంది. ఇనస్పెక్టరుగారు వచ్చేరోజు దుమ్ము దులిపి బిగిస్తారు. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవంనాడు బ్యాడ్జీలు పెట్టుకుని ప్రతిజ్ఞ చేస్తారు. ఆయుధపూజకు దానికీ కుంకుమబొట్టు పెడతారు. మర్నాటికి మళ్ళీ మూలకే.

దీనికి పనివాడి నిర్లక్ష్యమే కారణమని ఆఫీసువారు అనేవారు. నేను ఒప్పుకోను. జాబు మార్చిన ప్రతిసారీ నాలుగు బోల్టులు ఊడదియ్యవలసిన తొడుగును పీసురేటు మీద పనిచేసేవాడు ఎన్నాళ్ళు భరిస్తాడు? టూలు కనపడని తొడుగుతో కొలత ఎలా కలుస్తుంది? డ్రాయింగు ఆఫీసులో కూర్చుని గీసినది ఊడుతుంది. లేతు దగ్గర నిలబడేవాణ్ణి పక్కన పెట్టుకుని చేసినది నిలుస్తుంది. మా టిన్‌స్మిత్ మేస్త్రీ ప్రతి లేతు దగ్గరికీ పోయి, “నీకు చెయ్యి ఎటు తిరుగుతుంది? ఎడమచేతి వాటమా?” అని అడిగి మరీ కీలు పెట్టాడు. అవి ఊడలేదు. కంటికి రెప్ప ఎప్పుడూ అడ్డం రాదు, కావలసినప్పుడు తనే వాలుతుంది. తొడుగూ అలాగే ఉండాలి.

భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరిగాక 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. యంత్రం తయారుచేసేవాడే దాన్ని సురక్షితంగా చేసి ఇవ్వాలనే బాధ్యత అప్పుడు చేరింది. తరువాతి కాలంలో వ్యాపించిన సి.ఎన్.సి. లేతులకు తొడుగు విడిగా లేదు. మిషనే ఒక గదిలా ఉంటుంది. తలుపు మూస్తేనే తిరుగుతుంది. టర్నింగు మిషన్ల భద్రతకు 2010లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. పెద్ద కర్మాగారాల కుర్రాళ్ళు ఆ మేరకు అదృష్టవంతులు.

మనం చెయ్యదగినది

మరి రోడ్డు పక్క షెడ్డులో కుర్రాడి మాట? 1948 చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 10 మంది బదులు 20 మంది ఉండాలని అందులో మార్చారు. పాతదైనా కొత్తదైనా, ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డు దాని పరిధిలోకి సాధారణంగా రాదు. ఇనస్పెక్టరు రాడు, నోటీసుబోర్డు లేదు, ఈ.ఎస్.ఐ. లేదు. కన్ను పోతే 30 శాతం అని చెప్పే పట్టిక కూడా ఆ గోడ మీద లేదు. లుంగీ కట్టుకుని, కళ్ళద్దాలు లేకుండా, తొడుగు లేని చక్కు ముందు వంగి నిలబడ్డ ఆ పిల్లవాడు మనలో ఎవరో ఒకరి మనుమడి వయసువాడే.

మన సంఘంలో ఫిట్టర్లున్నారు, వెల్డర్లున్నారు, టిన్‌స్మిత్‌లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు. చేతులు కాస్త వణికినా కొలతలు వణకవు. ఒక రేకు ముక్క, రెండు కీళ్ళు, ఒక స్విచ్చి, ఒక పాలీకార్బొనేటు పలక. ఇంతే సామాను. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో తెలిసిన షెడ్డు ఒకటి చూసుకుని, యజమానిని ఒప్పించి, ఆ కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని ఒక్క తొడుగు చేసి చూపిద్దాం. ఒకటి చూస్తే పక్క షెడ్డువాడు తనే చేసుకుంటాడు. ఉపన్యాసం కంటె నమూనా మేలు. తరువాతి సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.

మనవంటి పెన్షనర్లకు పెన్షను వస్తుంది, ప్రతి సంవత్సరం లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తే చాలు. రెండు కళ్ళతో, పది వేళ్ళతో రిటైరు కావడం మాత్రం అందరికీ దక్కిన భాగ్యం కాదు. మనకు దక్కినది మన తరువాతివాళ్ళకూ దక్కాలని ఆ వేదాద్రి నరసింహుణ్ణి ప్రార్థిస్తూ, స్వామి మీద భారం వేసి ఊరుకోకుండా మనం ఒక రేకు కత్తిరిద్దామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.